తోట నాటకముందే మొండి కలుపు నిర్మూలన: తిరుపతి ప్రాంతపు ఎర్రనేలలకు అనువైన కాలక్రమం

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో మామిడి, నిమ్మ, బత్తాయి, మల్లె తోటలు, టమాట, వంగ వంటి కూరగాయల మడులు, పెరటి తోటలు ఎక్కువగా ఎర్ర గరప నేలల్లోను, ఇసుక పాలు ఎక్కువగా ఉన్న ఎర్రనేలల్లోను సాగవుతున్నాయి. ఈ నేలలు నీటిని ఎక్కువ కాలం నిలుపుకోలేవు. బోరు నీరు పరిమితంగా లభించే ఈ ప్రాంతంలో లేత మొక్కకు అందవలసిన తడిని కలుపు తీసుకుంటే, నష్టం మొదటి వేసవిలోనే బయటపడుతుంది. మొక్క చనిపోకపోయినా ఎదుగుదల కుంటుపడి, కాపు ఆలస్యమవుతుంది. డ్రిప్ ద్వారా ఇచ్చే నీటిలోను, మొక్క మొదట్లో వేసే ఎరువులోను గణనీయమైన భాగం కలుపుకే చేరుతుంది.

తోట వేసిన తర్వాత కలుపు తీయించడం ప్రతి రైతుకూ తెలిసిన పనే. అయితే తుంగ, గరిక, దర్భ వంటి మొండి కలుపు విషయంలో మొక్కలు నాటిన తర్వాత చేసే పనికి పరిమితులు ఎక్కువ. నాటిన మొక్క వేర్లు దెబ్బతింటాయన్న భయంతో లోతుగా తవ్వలేరు. డ్రిప్ పైపులు పరచిన చోట నాగలి తిప్పలేరు. కలుపు మందు జల్లు పంట మొక్కపై పడుతుందేమోనన్న ఆందోళన ఉంటుంది. నేల ఖాళీగా ఉన్నప్పుడు ఈ ఇబ్బందులేవీ ఉండవు. అందువల్ల మొండి కలుపును తక్కువ ఖర్చుతో అదుపు చేయగలిగిన సమయం నాటడానికి ముందున్న కొద్ది నెలలే. ఆ సమయాన్ని ఈ ప్రాంతపు ఎండకు, రెండు రుతుపవనాలకు అనుగుణంగా ఎలా వినియోగించుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

మొండి కలుపును గుర్తించడం

కలుపు మొక్కలన్నీ ఒకే తీరున బ్రతకవు. విత్తనం ద్వారా మొలిచి, ఒక కాలంలో పూసి, విత్తనం రాల్చి చనిపోయేవి ఏకవార్షికాలు. పూతకు ముందు వీటిని కోసినా, పీకినా ఆ మొక్క కథ ముగుస్తుంది. నేల లోపల గడ్డలు, కొమ్ములు, పాకుడు కాండాలు, మొదలు భాగంలో నిద్రాణమైన మొగ్గలు దాచుకొని ఏళ్ల తరబడి బ్రతికేవి బహువార్షికాలు. పైభాగం పోయినా ఇవి మళ్లీ చిగురిస్తాయి. రైతులు మొండి కలుపు అని పిలిచేది ఎక్కువగా ఈ రెండో తెగనే.

గుర్తించడానికి సులభమైన మార్గం ఉంది. కలుపు మొక్కను చేతితో పీకక, గడ్డపారతో ఒక జానెడు లోతు మట్టితో సహా పెకలించి, మట్టి విదిలించి చూడాలి. వేర్లు మాత్రమే కనిపిస్తే అది సాధారణంగా విత్తన కలుపు. గడ్డ, కణుపులున్న తెల్లటి కాండం, లేదా కొయ్యబారిన మొదలు కనిపిస్తే అది మొండి కలుపు. పొలంలో నాలుగైదు చోట్ల ఇలా తవ్వి చూసిన తర్వాతే ఏ పద్ధతి అనుసరించాలో నిర్ణయించుకోవాలి.

ఈ ప్రాంతంలో ప్రధానమైనవి

తుంగ: 1977లో వెలువడిన ప్రపంచ కలుపు మొక్కల సమీక్షా గ్రంథంలో అత్యంత హానికరమైనదిగా మొదటి స్థానం పొందినది ఈ మొక్కే. ఆయుర్వేదంలో తుంగముస్తలుగా వాడేది దీని గడ్డలనే. తుంగ విత్తనాల ద్వారా వ్యాపించడం చాలా తక్కువ. గడ్డల ద్వారానే విస్తరిస్తుంది. సన్నని దారాల వంటి కాండాలతో గడ్డలు గొలుసుకట్టుగా ఏర్పడతాయి. వీటిలో ఎక్కువ భాగం నేల పైపొరలో 15 సెంటీమీటర్ల లోపే ఉంటాయి. కొన్ని అంతకంటే లోతుకూ దిగుతాయి. గొలుసు తెగకుండా ఉన్నంత కాలం కొన మొగ్గ మిగిలిన గడ్డల చిగురింపును అణచి ఉంచుతుంది. గొలుసు తెగితే ప్రతి గడ్డా స్వతంత్రంగా మొలవగలదు.

గరిక: వినాయక చవితికి పూజాద్రవ్యమైన గరిక తోటలో మాత్రం మొండి కలుపు. నేలపై పాకే కాండాలు, నేల లోపల కొమ్ములు రెండూ దీనికి ఉన్నాయి. కణుపున్న ప్రతి ముక్కా తడి తగిలితే వేరు తన్ని కొత్త మొక్క అవుతుంది. గట్లపై, కాలువల వెంట ఉండే గరిక ఏటా కొంత కొంత లోపలికి జరుగుతుంది.

దర్భ: బీడు నేలల్లో, ఇసుక పాలు ఎక్కువగా ఉన్న చోట్ల గుంపులుగా పెరుగుతుంది. దీని భూగర్భ కాండాలు గట్టిగా, కొనదేలి ఉంటాయి. వేసవిలో నిప్పు పెడితే పైగడ్డి మాత్రమే కాలిపోతుంది. లోపలి కాండాలకు హాని జరగదు. తొలి వానకు మరింత పచ్చగా చిగురిస్తుంది.

సర్కారు తుమ్మ: ఈ చెట్టు ప్రవేశానికి రాయలసీమతోనే సంబంధం ఉంది. వంటచెరకు కొరత తీర్చే ఉద్దేశంతో 1877లో నాటి మద్రాసు రాజధానిలోని కడప జిల్లా కమలాపురంలో దీనిని నాటించారు. పశువులు, మేకలు కాయలు తిని, విత్తనాలను పేడ ద్వారా దూరదూరాలకు చేర్చాయి. నేటికి చెరువు గర్భాలు, బీళ్లు, కాలువ గట్లు దీని కంపతో నిండిపోయాయి. నేల మట్టానికి నరికితే మొదలులోని మొగ్గల నుంచి ఒక కొమ్మకు బదులు పది కొమ్మలు వస్తాయి.

వయ్యారిభామ: ఇది బహువార్షికం కాదు. అయినా ఖాళీ నేలను వేగంగా ఆక్రమించే గుణం వల్ల దీనినీ ఇక్కడ చెప్పుకోవాలి. మన దేశంలో 1955లో పూణేలో దీనిని గుర్తించారు. ఒక్క మొక్క వేల సంఖ్యలో విత్తనాలు రాలుస్తుంది. తాకిన వారికి చర్మంపై దద్దుర్లు, పుప్పొడి పీల్చిన వారికి ఉబ్బసం రావచ్చు. దీని ఆకులు తినే మెక్సికన్ పెంకు పురుగును 1984లో బెంగళూరు ప్రాంతంలో విడుదల చేశారు. ఈ పురుగు వానకాలంలో కొంత మేలు చేసినా, తోట నేలలో పూతకు ముందే చేతొడుగులు వేసుకొని పీకడమే నమ్మదగిన మార్గం.

దుక్కి ఎప్పుడు మేలు, ఎప్పుడు కీడు

నేల సిద్ధం చేయడమంటే ట్రాక్టరుతో రెండుసార్లు రోటవేటర్ తిప్పించడమే అన్న అభిప్రాయం నేడు బలంగా ఉంది. పని ముగిసిన రోజు నేల మెత్తగా, శుభ్రంగా కనిపిస్తుంది. ఆ తర్వాత రెండు మూడు వారాలకు తుంగ మునుపటికంటే ఒత్తుగా వస్తుంది. ఇందులో ఆశ్చర్యం లేదు. రోటవేటర్ కత్తులు గడ్డల గొలుసును తెంపాయి. గరిక కాండాన్ని కణుపుల వారీగా ముక్కలు చేశాయి. ఆ ముక్కలను మెత్తటి మట్టిలో పొలమంతా సమంగా పరిచాయి. తడి నేలలో ఈ పని చేస్తే కలుపును నారు పోసి నాటినట్లే అవుతుంది.

కలుపును దుక్కి చంపదు. దుక్కి పైకి తెచ్చిన గడ్డలను, కాండాలను ఎండ చంపుతుంది. ఈ తేడా గ్రహిస్తే పనిముట్టు, సమయం రెండూ వాటంతట అవే తేలిపోతాయి. ముక్కలు చేసే రోటవేటర్‌కు బదులు, గడ్డలను, కాండాలను పెళ్లగించి పైకి తెచ్చే రెక్క నాగలి, పళ్ల గొర్రు, కల్టివేటర్ వంటివి వాడాలి. తడి కాలానికి బదులు ఎండ కాలంలో వాడాలి. దున్నిన వెంటనే మట్టి కప్పకుండా, పెద్ద పెడ్డలుగానే వదిలివేయాలి.

తిరుపతి ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత తరచు 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ ఎండలో నేల పైపొర గాలికంటే ఎక్కువగా వేడెక్కుతుంది. నేలపై బయటపడిన తుంగ గడ్డ, వాన తగలకుండా వారం పది రోజులు ఎండితే మొలకెత్తే శక్తిని చాలావరకు కోల్పోతుంది. అదే గడ్డ 15 సెంటీమీటర్ల లోతున కొద్దిపాటి తడిలో ఉంటే వేసవినంతా సులభంగా దాటుతుంది. కనుక ఎన్నిసార్లు దున్నామన్నదానికంటే, ఎన్ని గడ్డలు పైకి వచ్చి ఎండాయన్నదే ముఖ్యం.

రెండు రుతుపవనాలిచ్చిన అవకాశం

చాలామంది రైతులు మే నెలలో గుంతలు తవ్వి, జూన్, జూలైలో తొలి వానలకే మొక్కలు నాటుతారు. మొండి కలుపు లేని నేలలో ఇది మంచి పద్ధతి. తుంగ, గరిక నిండిన నేలలో మాత్రం ఒక్క వేసవి దుక్కితో పని పూర్తి కాదు. పైకి రాని గడ్డలు లోపలే మిగిలి, తొలి వానకు మొలకెత్తుతాయి. అదే సమయంలో మొక్కలు నాటితే కలుపుకు, పంటకు ఒకేసారి పోటీ మొదలవుతుంది.

ఇక్కడ చిత్తూరు, తిరుపతి రైతుకు ఒక అనుకూలత ఉంది. ఈ ప్రాంతానికి నైరుతి రుతుపవనాలతో పాటు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వల్ల కూడా మంచి వర్షం కురుస్తుంది. కాబట్టి జూన్‌లో నాటలేకపోతే ఏడాది వృథా కాదు. సెప్టెంబరు చివర, అక్టోబరులో నాటే వీలుంది. ఈ నాలుగు నెలల వ్యవధిలో వేసవి ఎండ తప్పించుకున్న గడ్డలను తొలకరి వానలతో మొలిపించి, వాటిలోని నిల్వ ఆహారాన్ని ఖర్చు చేయించి, నీడతో అణచివేయవచ్చు. కింది కాలక్రమం ఈ సూత్రంపై ఆధారపడినదే.

మార్చి: పొలం పరిశీలన. ఏ కలుపు ఎక్కడ ఉందో గుర్తించాలి. సర్కారు తుమ్మ, ఇతర కంప ఉంటే ఇప్పుడే తొలగించాలి. చెట్టును నరికి వదలకుండా, మొదలు చుట్టూ మట్టి తీసి, మొగ్గలు పుట్టే భాగం పూర్తిగా పోయేలా కనీసం ఒక అడుగు లోతు నుంచి తల్లివేరును నరికి పెకలించాలి. చెట్లు పెద్దవైతే జె.సి.బి. యంత్రంతో వేరుతో సహా లాగించడం సులభం. కాయలున్న కొమ్మలను పొలంలో ఈడ్వకూడదు. మేకలను, పశువులను ఆ కాయల దగ్గరికి వదలకూడదు.

ఏప్రిల్, మే: ఎండబెట్టడం. ఎర్రనేల పూర్తిగా ఎండితే గట్టిపడి నాగలికి లొంగదు. కనుక వేసవి జల్లు పడి, నేల పదునుకు వచ్చినప్పుడు మొదటి దుక్కి చేసి, పెడ్డలను ఎండకు వదలాలి. 10 నుంచి 15 రోజుల తర్వాత మొదటి దుక్కికి అడ్డంగా రెండో దుక్కి చేయాలి. ప్రతి దుక్కి తర్వాత పళ్ల గొర్రుతోగానీ, చేతితోగానీ గరిక, దర్భ కాండాలను ఏరి, పొలం బయట ఎండలో కుప్ప వేయాలి. అవి పూర్తిగా ఎండి, విరిస్తే పుటుక్కుమని విరిగే వరకు పెంటకుప్పలో కలపరాదు. రెండు దుక్కుల మధ్య వాన పడితే ఎండబెట్టిన ఫలితం తగ్గుతుంది; అప్పుడు నేల ఆరిన వెంటనే మరొకసారి దున్నాలి.

జూన్, జూలై మొదటి సగం: మొలిపించి చంపడం. తొలకరికి మిగిలిన గడ్డలన్నీ మొలకెత్తుతాయి. రైతుకు ఇది నిరాశ కలిగించే దశ. నిజానికి గడ్డ తన నిల్వ ఆహారాన్ని ఖర్చు చేసే దశ ఇదే. మొలక ఆకులు బాగా విచ్చుకున్న తర్వాత, అంటే కొద్ది వారాల్లోనే, కొత్త గడ్డలు ఏర్పడడం మొదలవుతుంది. అందువల్ల మొలక కనిపించిన రెండు నుంచి మూడు వారాల లోపే పైపైన గుంటక తోలించి, లేదా పారతో చెక్కి, మొలకలను తుంచివేయాలి. మళ్లీ మొలిచినవాటికి మరో రెండు మూడు వారాల్లో ఇదే పని చేయాలి. ఆలస్యం చేస్తే కొత్త గడ్డలు ఏర్పడి శ్రమ వ్యర్థమవుతుంది. అనుకూల పరిస్థితుల్లో ఒక్క గడ్డ మూడు నెలల్లో పదుల సంఖ్యలో గడ్డలకు మూలమవుతుందని గుర్తుంచుకోవాలి. ఈ దశలో లోతు దుక్కి చేయకూడదు; చేస్తే లోతున నిద్రాణంగా ఉన్న విత్తనాలు పైకి వచ్చి కొత్త కలుపు మొదలవుతుంది.

జూలై రెండో సగం నుంచి సెప్టెంబరు మొదటి వారం వరకు: నీడతో అణచడం. తుంగ, గరిక రెండూ ఎండను కోరేవి, నీడలో బలహీనపడతాయి. రెండోసారి చెక్కిన వెంటనే జనుము, జీలుగ, అలసంద వంటి వేగంగా కమ్ముకొనే పైరును ఒత్తుగా చల్లాలి. జనుము ఎకరాకు 12 నుంచి 15 కిలోల విత్తనం సరిపోతుంది. వర్షాధారంగా ఉలవ కూడా వేయవచ్చు. పచ్చిరొట్ట పైరును 45 నుంచి 50 రోజుల్లో, పూత దశలో కోసి నేలలో కలపాలి. దీనివల్ల సేంద్రియ పదార్థం తక్కువగా ఉన్న ఎర్రనేలకు అదనపు మేలు జరుగుతుంది. పైరు పలుచగా వచ్చిన చోట కలుపు తేరుకుంటుంది; అటువంటి చోట్ల చేతితో తవ్వాలి.

సెప్టెంబరు రెండో సగం: పరీక్ష. అక్టోబరు: నాటడం. ఈ రెండింటి వివరం ముందు ముందు ఉంది.

వాలు ఎక్కువగా ఉన్న పొలాల్లో నేలనంతటినీ వానకాలంలో బోసిగా ఉంచితే పైమట్టి కొట్టుకుపోతుంది. అక్కడ వాలుకు అడ్డంగా దున్నడం, పట్టీలుగా మాత్రమే శుభ్రం చేయడం, తొలకరికే పచ్చిరొట్ట చల్లడం మంచిది.

పండ్ల తోట గుంతల విషయంలో జాగ్రత్త

మొత్తం పొలం శుభ్రం చేయడానికి స్తోమత లేని రైతు నాటే చోట్లకు ప్రాధాన్యమివ్వవచ్చు. మామిడిని 10 మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు సుమారు 40 మొక్కలు పడతాయి. ఒక్కో మొక్క చుట్టూ మీటరున్నర వ్యాసార్ధంతో వలయం శుభ్రం చేస్తే, ఒక వలయం 7 చదరపు మీటర్లు, 40 వలయాలు కలిపి సుమారు 283 చదరపు మీటర్లు, అంటే దాదాపు 7 సెంట్లు అవుతుంది. వంద సెంట్ల పొలంలో 7 సెంట్లను లోతుగా తవ్వి, గడ్డలు ఏరించడం సాధ్యమైన పనే. మిగిలిన నేలలో అంతరపంట లేదా పచ్చిరొట్ట వేసి, కలుపును కోత ద్వారా అదుపులో ఉంచవచ్చు. వలయం అంచున ఏడాదికి రెండు మూడుసార్లు పారతో గాడి తీస్తే, బయటి గరిక లోపలికి పాకదు.

గుంతలు పూడ్చేటప్పుడు ఒక పొరపాటు తరచు జరుగుతుంది. మీటరు పొడవు, వెడల్పు, లోతుతో గుంత తవ్వి, పైమట్టిని, అడుగు మట్టిని వేరుగా పోసి, పైమట్టిని పశువుల ఎరువుతో కలిపి పూడ్చాలన్నది సాధారణ సిఫారసు. పైమట్టి సారవంతమైనదన్నది నిజమే. కానీ తుంగ గడ్డలు ఉండేది కూడా ఆ పైమట్టిలోనే. వాటిని ఏరకుండా పూడిస్తే, ఎరువు, నీరు, మెత్తటి మట్టి అన్నీ సమకూర్చి కలుపును మొక్క వేర్ల మధ్యలో నాటినట్లవుతుంది. కనుక గుంతలను ఏప్రిల్‌లోనే తవ్వి, పైమట్టిని కుప్పగా కాక పలుచగా పరచి, రెండు మూడు వారాలు ఎండనిచ్చి, మధ్యలో ఒకటి రెండుసార్లు తిరగవేసి, జల్లెడ పట్టి, గడ్డలు తీసివేసిన తర్వాతే పూడ్చాలి. నలభై గుంతలకు ఈ పని కష్టమే. అయితే తర్వాత రెండు మూడేళ్లపాటు ప్రతి మొదట్లో చేతితో తుంగ తీయించే కూలితో పోల్చితే భారం కాదు.

పెరటి తోటలు, కూరగాయల మడులు

రెండు మూడు సెంట్ల పెరటి నేలకు నాగలి పట్టదు. అక్కడ గడ్డపార, పార, జల్లెడ ప్రధాన పనిముట్లు. మడిని అడుగు లోతు వరకు తవ్వి, మట్టి పొడిగా ఉన్నప్పుడే గడ్డలను, కాండాలను ఏరాలి. ఆ తర్వాత మే నెలలో సూర్యరశ్మితో నేలను వేడిచేసే పద్ధతిని పాటించవచ్చు. ఇజ్రాయెల్‌లో 1970వ దశకంలో శాస్త్రీయంగా రూపొందిన ఈ పద్ధతి తెగుళ్లతో పాటు విత్తన కలుపుపైనా పనిచేస్తుంది. మడిని చదును చేసి, బాగా తడిపి, 25 నుంచి 50 మైక్రాన్ల మందం గల పారదర్శకమైన ప్లాస్టిక్ షీటును నేలకు ఆనుకొనేలా పరచి, అంచులను మట్టితో కప్పి, 4 నుంచి 6 వారాలు ఉంచాలి. షీటు కింద పైపొర ఉష్ణోగ్రత మామూలు నేలకంటే 8 నుంచి 12 డిగ్రీల వరకు పెరుగుతుంది. వయ్యారిభామ, గునుగు, పావిలి వంటి వాటి విత్తనాలు చాలావరకు నశిస్తాయి.

ఈ పద్ధతి పరిమితి కూడా తెలుసుకోవాలి. తుంగ గడ్డలు లోతున ఉంటే వేడి తగినంత అందదు. కాబట్టి ముందు తవ్వి ఏరడం, ఆ తర్వాత షీటు పరచడం అన్న వరుస తప్పరాదు. నల్లని షీటు వెలుతురును ఆపి చాలా కలుపును అణచుతుంది. కానీ తుంగ మొలక సూది వంటి కొనతో దానిని చీల్చుకొని పైకి వస్తుంది. నల్ల మల్చింగు షీటు పరిచి టమాట, మిరప నాటే రైతులు తుంగ ఉన్న నేలలో ముందుగా గడ్డలు తగ్గించుకోకపోతే, షీటు ఖర్చులో కొంత నిష్ఫలమవుతుంది. వాడిన షీటును చిరిగి నేలలో కలిసిపోకముందే తీసివేయాలి.

కలుపు మందుల స్థానం

ఆకులపై పడి, కాండం గుండా గడ్డలకు చేరే గ్లైఫోసేట్ వంటి మందులు మొండి కలుపుపై పనిచేస్తాయి. అయితే వీటి వినియోగానికి చట్టపరమైన, ఆరోగ్యపరమైన హద్దులున్నాయి. గ్లైఫోసేట్‌ను మనుషులకు బహుశా క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో వర్గీకరించింది. 2022 అక్టోబరులో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ దీని వాడకాన్ని పరిమితం చేస్తూ, శిక్షణ పొంది లైసెన్సు కలిగిన చీడ నియంత్రణ నిర్వాహకుల ద్వారానే పిచికారీ జరగాలని నోటిఫికేషన్ జారీ చేసింది. అందుచేత వాడదలచిన రైతు ముందుగా మండల వ్యవసాయ అధికారిని సంప్రదించి, ప్రస్తుత నిబంధనలను తెలుసుకోవాలి. మోతాదు విషయంలో డబ్బాపై ముద్రించినదే ప్రమాణం.

మందు ఎప్పుడు పనిచేయదో కూడా గమనించాలి. ఎండకు వాడిన కలుపుపై, దుమ్ము పట్టిన ఆకులపై, బురద నీటితో కలిపిన మందు ఫలితమివ్వదు. తుంగ, గరిక పచ్చగా, చురుగ్గా పెరుగుతున్నప్పుడే మందు గడ్డలకు చేరుతుంది. అప్పటికే నిద్రాణంగా ఉన్న గడ్డలకు మందు అందదు; అవి తర్వాత మొలుస్తాయి. అందువల్ల మందు ఒక్కటే పరిష్కారమని నమ్మడం సరికాదు. చెరకులో తుంగకు సిఫారసు చేసిన హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ వంటి మందులను, కూరగాయలు వేయబోయే నేలలో సొంత నిర్ణయంతో చల్లరాదు. నేలలోని అవశేషం తర్వాతి పైరును దెబ్బతీయవచ్చు. 2,4-డి జల్లు గాలికి కొట్టుకుపోయి పక్కపొలంలోని టమాట ఆకులను ముడుచుకుపోయేలా చేయగలదు. బావి, చెరువు, పశువుల తొట్టి దగ్గర ఏ మందూ పిచికారీ చేయకూడదు.

కలుపు మళ్లీ చేరే దారులు

శుభ్రం చేసిన నేలలోకి కలుపు తిరిగి వచ్చే దారులు నాలుగు. మొదటిది చెరువు మట్టి. ఎర్రనేలకు చెరువు మట్టి తోలడం మంచి సంప్రదాయమే. కానీ చెరువు గర్భంలో తుంగ సమృద్ధిగా ఉంటుంది. తోలిన మట్టిని పలుచగా పరచి వేసవినంతా ఎండనివ్వాలి. రెండోది పశువుల ఎరువు. సర్కారు తుమ్మ, గడ్డి విత్తనాలు పేడలో చెక్కుచెదరకుండా ఉంటాయి. బాగా మాగిన, తడిపి తిరగవేసిన ఎరువునే వాడాలి. మూడోది నర్సరీ సంచి. మొక్కతో పాటు సంచి మట్టిలో తుంగ గడ్డ వస్తే, కొన్న ధరకే కలుపునూ కొన్నట్లు. సంచిలో తుంగ ఆకు కనిపించిన మొక్కను తీసుకోకపోవడమే మేలు. నాలుగోది పనిముట్లు. అద్దె ట్రాక్టరు కల్టివేటర్ పళ్లకు చుట్టుకొన్న గరికను, అంటుకొన్న మట్టిని పొలంలోకి దిగకముందే శుభ్రం చేయించాలి.

నాటవచ్చా, ఆగాలా: చిన్న పరీక్ష

సెప్టెంబరు రెండో సగంలో పొలంలో వేర్వేరు చోట్ల, ఎకరాకు పది చొప్పున, మీటరు పొడవు, మీటరు వెడల్పు గల చదరాలు గుర్తించాలి. వాన లేకపోతే వాటికి మాత్రం రెండు మూడుసార్లు నీరు పెట్టాలి. రెండు వారాల తర్వాత ప్రతి చదరంలో ఎన్ని తుంగ, గరిక మొలకలు వచ్చాయో లెక్కించి, పుస్తకంలో రాసుకోవాలి. పదింటిలో ఒకటి రెండు చదరాల్లోనే, అక్కడక్కడ మొలకలుంటే ఆ చోట్లను లోతుగా తవ్వి, గడ్డలు తీసి, అక్టోబరులో నిశ్చింతగా నాటవచ్చు. సగం చదరాల్లో మొలకలుంటే వలయాల వరకు చేతితో శుభ్రం చేసి నాటి, మిగిలిన నేలలో అంతరపంట కొనసాగించాలి. దాదాపు అన్ని చదరాల్లో ఒత్తుగా మొలిస్తే, ఆ ఏడాది బహువార్షిక తోట నాటకుండా పశుగ్రాసపు జొన్న వంటి ఒత్తు పైరు వేసి, మరో వేసవి దుక్కి తర్వాత నాటడం వివేకం.

ఈ చివరి నిర్ణయం తీసుకోవడం సులభం కాదు. మొక్కలకు బయానా ఇచ్చి ఉండవచ్చు. డ్రిప్ సామగ్రి వచ్చి ఉండవచ్చు. పక్క రైతు ఇప్పటికే నాటి ఉండవచ్చు. అయినా మామిడి తోట ముప్పై నలభై ఏళ్ల పాటు నిలిచే ఆస్తి. అందులో ఒక ఏడాది ఆలస్యం చిన్నది. తుంగ మధ్య నాటిన లేత మొక్కలు మొదటి రెండు మూడేళ్లలో కోల్పోయే ఎదుగుదల, ఆ కాలమంతా కలుపు తీతకు పెట్టే ఖర్చు అంతకంటే పెద్దవి.

ముఖ్యాంశాలు

తవ్వి చూసి కలుపు రకాన్ని గుర్తించిన తర్వాతే పద్ధతి ఎంచుకోవాలి. తుంగ, గరిక ఉన్న నేలలో రోటవేటర్ వాడకూడదు; పెళ్లగించి పైకి తెచ్చే పనిముట్లతో ఏప్రిల్, మే నెలల్లో దున్ని ఎండబెట్టాలి. తొలకరికి మొలిచినవాటిని రెండు మూడు వారాల వ్యవధిలో కనీసం రెండుసార్లు చెక్కాలి. ఆ వెంటనే ఒత్తుగా పచ్చిరొట్ట పైరు వేయాలి. గుంతల పైమట్టిని ఎండబెట్టి, జల్లెడ పట్టిన తర్వాతే పూడ్చాలి. చదరాల పరీక్ష ఫలితాన్ని బట్టి ఈశాన్య రుతుపవన కాలంలో నాటాలి. నాటిన తర్వాత కూడా మొదటి ఏడాది నెలకొకసారి పొలమంతా తిరిగి, కొత్తగా కనిపించిన ప్రతి తుంగ మొలకను గడ్డతో సహా తవ్వి తీయాలి. పది మొలకలున్నప్పుడు అరగంటలో ముగిసే ఈ పని, ఒక్క వానకాలం నిర్లక్ష్యం చేస్తే పదిమంది కూలీల పని అవుతుంది.